అవ్వ ఓటు, నా తల

మా చిన్నప్పుడు... ఇందిరా నగర్‌లో ఎన్నికలు దగ్గర పడితే మా వీధికి ముందు కర్పూరం వాసన వచ్చేది. మైకులు, జెండాలు ఆ తర్వాతే.

ఓట్లడిగే వాళ్ళు పళ్ళెంలో కర్పూరం (మా వైపు సూడం అంటారు) వెలిగించి గడప ముందు నిలబడేవారు. ఇంటివాళ్ళు దాని మీద చెయ్యి చాపి, "మీకే వేస్తాం" అని సత్యం చెయ్యాలి. మాట తప్పితే దేవుడు చూసుకుంటాడు...

నేను నాలుగో తరగతిలో ఉండగా అలా పళ్ళెం పట్టుకుని ఎదురింటి కె.కె. మామ వచ్చాడు. మా వీధిలో ఆ పార్టీకి ఆయనే పెద్ద. మా అవ్వకు పింఛను తెప్పించిందీ ఆయనే. అవ్వ ఎప్పుడూ వాళ్ళకే వేసేది. అయినా అడిగాడు.

"పెద్దమ్మా, సూడం ఆరిపోతాది. సత్తియం జెయ్యి."

"నా మాట మింద నమ్మకం లేదేందిరా?"

"నీ మింద ఉండాది. నీ కోడలి మిందే లేదు," అని నవ్వాడు.

అవ్వకు రోషం వచ్చింది. కర్పూరం వైపు చాపిన చెయ్యి వెనక్కి తీసి, పక్కన నిలబడ్డ నా తల మీద పెట్టింది.

"ఇదో, నా మనవరాలి తల సాచ్చి. మీకే ఏస్తా. చాలునా?"

మామ నవ్వు ఆగిపోయింది. "బిడ్డ తల మింద ఎందుకమ్మా..." అని గొణిగి, పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయాడు. అవ్వ చెయ్యి మాత్రం కాసేపు నా తల మీదే ఉండిపోయింది.

మరునాడు బడిలో నా పక్కన కూర్చునే సెల్వికి చెప్పాను. "సత్యం తప్పితే, ఎవరి తల మీద చేశారో వాళ్ళు రక్తం కక్కుకుంటారు," అంది, టిఫిన్ డబ్బా మూత తీస్తూ. ఆ రోజు నేను అన్నం ముట్టలేదు. బడి పక్కనే ఉన్న కాన్వెంటు చర్చిలో మాత ముందు మోకరిల్లి, అవ్వ మాట తప్పకుండా చూడమని వేడుకున్నాను. మాది హిందువుల ఇల్లు... మన దేవుడి ముందు చేసిన సత్యానికి ఈ మాతను అడగవచ్చో లేదో తెలియలేదు.

నా భయమంతా అమ్మ గురించే.

మా ఇంటి వెనక మురుగు కాలువ ఉండేది. పెద్ద వానలకు ఆ నీళ్ళు వంటింట్లోకి వచ్చేవి. ముందటి ఏడాది అలా వచ్చాకే నాకు విషజ్వరం తగిలి పెద్దాసుపత్రిలో పడి ఉన్నాను. ఈసారి ఇంకో పార్టీ తరఫున నిలబడ్డ టీచరమ్మ, గెలిస్తే కాలువకు మూత వేయిస్తానని మా వీధిలోకే వచ్చి చెప్పింది. అవ్వ ఓటు కూడా ఆమెకే పడాలని అమ్మ పట్టుబట్టింది.

చింతపండు పిసుకుతూ మొదలుపెట్టేది.

"అత్తా, ఇన్నేండ్లూ వాళ్ళకే ఏస్తిరి. కాలవ మూసినారా?"

"మాటిచ్చినా గదే."

"బిడ్డ జొరంతో పడుండింది మరిచిపోతిరా? మళ్ళా వానలొస్తే?"

"నోరు ముయ్యి. దాని తల మింద చెయ్యి పెట్టిందాన్ని నేను!"

"పెట్టమన్నదెవురు?"

అవ్వ చేట అందుకుని బియ్యం చెరగడం మొదలుపెట్టేది.

నేను పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని వినేదాన్ని... ఎంతసేపైనా అదే పేజీ. అమ్మ గొంతు పెరిగినప్పుడల్లా ఎదురింటి కిటికీ వైపు చూసేదాన్ని. అడగొద్దని అమ్మతో చెప్పాలనుకునేదాన్ని.

ఒకసారి మాత్రం అవ్వను అడిగేశాను.

"అవ్వా, నువ్వు మాట తప్పితే నాకేమైతాది?"

"ఏమీ కాదు. పోయి సదువుకో," అంది, నా వైపు చూడకుండా. అవ్వకు కూడా భయంగా ఉందని అప్పుడు తెలిసింది. అంతవరకు నాకున్న కాస్త ధైర్యమూ పోయింది.

ఓట్ల రోజు అవ్వను చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్ళాను. ఓట్లు వేసేది మా బడిలోనే. దారి పొడుగునా ఆమె అరచెయ్యి చెమటతో జారిపోతోంది. నన్ను వరండాలో ఆపేశారు. లోపల యంత్రం కూసింది. అది అవ్వ ఓటో, ఇంకొకరిదో... నోట్లో రక్తం రుచి వస్తోందేమోనని గుటకలు మింగి చూసుకున్నాను.

అవ్వ బయటికి వచ్చింది. వంగి, చెయ్యి తిరగేసి నా నుదుటికి ఆనించింది. తర్వాత మెడ దగ్గర. వేలి మీద సిరా ఇంకా తడిగానే ఉంది.

ఎవరికి వేసిందో నాకు అర్థమైపోయింది. మాట నిలబెట్టుకుని ఉంటే నాకు జ్వరముందో లేదో ఎందుకు చూస్తుంది?

గేటు దగ్గర కె.కె. మామ ఎదురొచ్చాడు. "పెద్దమ్మా, మనకే గదా?"

"సత్తియం జేసినా గదరా నాయనా," అంది అవ్వ, ఆగకుండా.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది. "ఓటు సంగతి ఎవురికీ చెప్పగూడదని నువ్వే గదా అంటివి," అని అవ్వ పెరట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాత చాలా రోజులు, నేను అన్నం తింటున్నా, రాసుకుంటున్నా, వెనక నుంచి ఆ చెయ్యి వచ్చి నుదుటిని తాకేది. అవ్వ నా చుట్టూ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. "ఏంది అత్తా, బిడ్డ బాగనే ఉండాది గదా," అని అమ్మ విసుక్కునేది. అవ్వా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు.

జ్వరం రాలేదు. టీచరమ్మ ఓడిపోయింది. కాలువకు మూత పడటానికి ఇంకా ఎన్నో ఏళ్ళు పట్టింది... అవ్వ అది చూడకుండానే పోయింది.

ఇప్పుడు ఓట్లడిగే వాళ్ళు ఫోన్లోకే వస్తున్నారు. పళ్ళెం లేదు, కర్పూరం లేదు. మాట తప్పితే ఏమవుతుందోనన్న భయం కూడా ఎవరికీ ఉన్నట్టు లేదు... మీలో ఎవరి తల మీదైనా ఇంట్లో వాళ్ళు ఇలా సత్యం చేశారా? ఎన్నాళ్ళు భయపడ్డారు?

మొన్న అదే బడిలో ఓటేసి వరండాలోకి వచ్చాను. చెయ్యి దానంతట అదే నుదుటి మీదికి పోయింది...