పడవ అడుగున నిలిచిన గ్యాస్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, ఎండాకాలం. అప్పటికే నేను లక్సెట్టిపేటలో చాలా ఏళ్లుగా గ్యాస్ మెకానిక్‌ని. గోదావరిలో పోశం పడవ అంటుకుంది, కారణమేమిటో చూసి చెప్పమని పోలీసులు పిలిపించారు. పోశం, అతని భార్య రాజవ్వ షికారుకొచ్చినవాళ్లను నదిలో తిప్పుతూ, పడవలోనే చేపల కూర వండిపెట్టేవాళ్లు. పోశం చిన్న గాయాలతో బయటపడ్డాడు, రాజవ్వ మాత్రం ఒళ్లంతా కాలి కరీంనగర్ ఆసుపత్రిలో ఉంది.

ఒడ్డున జనం అప్పటికే తేల్చేశారు. ముట్టులో ఉండి పడవెక్కి గంగమ్మకు కర్పూరం వెలిగించిందట, అందుకే అమ్మకు కోపమొచ్చిందట. పోశం తల్లిదీ అదే మాట. నాకు ఒళ్లు మండిపోయింది. మనిషి చావుబతుకుల్లో ఉంటే మాట్లాడే మాటలా ఇవి!

సిలిండర్ పేలలేదు. దాని మూతికి బిగించే రెగ్యులేటర్ కూడా బాగానే ఉంది. పొయ్యికి వెళ్లే రబ్బరు ట్యూబు మాత్రం చెక్క రంధ్రంలోంచి దూరిన చోట కోసినట్టు తెగి ఉంది. పడవ ఊగినప్పుడల్లా చెక్క అంచుకు రాసుకుని అరిగిపోయింది.

వంటగ్యాస్ గాలికన్నా బరువు. ఇంట్లో లీకైతే తలుపు తెరిస్తే గడప దాటి కొంతైనా బయటికి పోతుంది. పడవకు గడప ఎక్కడిది? నీళ్లు లోపలికి రాకుండా కట్టిన పడవ గ్యాస్‌ను బయటికీ పోనివ్వదు. కాళ్ల కింది చెక్కల అడుగున అట్లాగే నిలిచిపోతుంది.

పోశంను పక్కకు తీసుకెళ్లి, ఆ పొద్దున వాసన రాలేదా అని అడిగాను. వచ్చిందట. సిలిండర్ బంద్ చేసి, పైన కట్టిన టార్పాలిన్ ఎత్తేస్తే నది గాలికి పోయిందట. ఆ తర్వాత రాజవ్వ రోజూ చేసినట్టే, కర్పూరం గాలికి ఆరిపోకుండా, ముందువైపు చెక్క తీసి పడవ అడుగున వెలిగించింది.

ట్యూబు చూపించి జరిగింది చెప్పాను.

"అంటే ముట్టు గిట్ట ఏం కాదా అన్నా?"

"కాదు. గ్యాసే."

అతను ట్యూబు అందుకుని తెగిన చోటును వేలితో తడిమాడు.

"ఇంక జర వాసనొస్తుంది అన్నదన్నా. నాకు రాలే. ఏం కాదు, ఎలిగియ్యి అని నేనే అన్న."

ఊరి మాట నిలిస్తే తప్పు రాజవ్వది, నా మాట నిలిస్తే అతనిది.

రెండు రోజులకు రాజవ్వ పోయింది. శవాన్ని తెచ్చిననాడు నేనూ వెళ్లాను. తల్లి ఏడుస్తూనే మళ్లీ ముట్టు సంగతి ఎత్తింది. పోశం లేచి అందరి ముందు నిలబడ్డాడు.

"అవ్వా, గా మాట బంద్ చెయ్యి. గంగమ్మ ఏం చెయ్యలే. రాజవ్వ తప్పేం లేదు. ఎలిగియ్యమన్నది నేను."



ఇప్పుడు ఏ పడవ చూడాలన్నా ముందు చెక్కలన్నీ తీయించి, మోకాళ్ల మీద వంగి అడుగున వాసన చూస్తాను. దండం పెడుతున్నావా అని నవ్వేవాళ్లున్నారు. నవ్వనీ. పక్కన ఒక్కరు వాసన వస్తుందన్నా సరే, నా ముక్కుకు రాకపోయినా అగ్గిపెట్టె తీయనివ్వను. ఆ పొద్దున రాజవ్వ చెప్పింది నిజమే. ఆమె కిందికి వంగి ఉంది, పోశం నిలబడి ఉన్నాడు.