బెల్లం రంగు స్వెట్టరు

మా మనవరాలిని బడివాళ్లు అరకు తీసుకువెళతారట. అక్కడ చలిగా ఉంటుందని మా అమ్మాయి ఒక స్వెట్టరు కొనుక్కొచ్చింది. పిల్ల దాన్ని తొడుక్కుని ఫ్యాను కింద కాసేపు తిరిగి, మెడ వెనక గుచ్చుకుంటున్న గుడ్డ పట్టీని బయటికి లాగి, "అమ్మమ్మా, ఈ బొమ్మేంటి?" అని నా ముందుకు వంగింది. కళ్లజోడు పెట్టుకుని చూశాను. ఒక నీళ్ల తొట్టె, అందులో ఒక చెయ్యి. పక్కన ఇంకో తొట్టె, దాని మీద కొట్టివేత. చల్లటి నీళ్లలో చేత్తోనే ఉతకాలి, వేడినీళ్లలో వెయ్యకూడదు అని దాని అర్థమని మా అమ్మాయి చెప్పింది. వేలెడంత లేదు ఆ పట్టీ. ఊలు సంగతి తెలియనివాళ్లు కూడా ఉంటారు పాపం అని ఎవరో తలచి కుట్టించి ఉంటారు. అరవయ్యేళ్ల కిందట అనకాపల్లిలో మా ఇంటికి అలాంటి పట్టీ ఒక్కటి వచ్చి ఉంటే, తల్లీకూతుళ్లిద్దరు చివరిదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు. ఆ ఇద్దరూ మా మామ్మ, మా మేనత్త.

మా నాన్న బెల్లం మార్కెట్లో గుమాస్తా. సాయంత్రం ఆయన ఇంటికొస్తే ఆయన కంటే ముందు బెల్లం వాసన, ఆయన వెనకాల ఈగలు వచ్చేవి. నాన్నకి ఒక చెల్లెలు, ఒక తమ్ముడు. చెల్లెలు మా అత్త. చిన్నప్పుడు ఏదో జ్వరం వచ్చి ఎడమకాలు సన్నబడిపోవడంతో ఆవిడ కాలీడ్చి నడిచేది. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, "నాకు చేతినిండా పనుంది" అని తుంచేసేది. ఉన్న మాటే. ఎదురింటి బూబమ్మ పిన్ని వాళ్లాయన కొట్టు కోసం నమాజు టోపీలు అల్లేది. ఆవిడ పక్కన కూర్చుని అత్త క్రోషియా పట్టింది. ఇక పట్టింది అంటే పట్టింది. మంచినీళ్ల బిందెకు అల్లిక మూత, రేడియోకు అల్లిక ముసుగు, అద్దానికి, గోడగడియారానికి, చివరికి నాన్న గొడుగు పిడికి కూడా ఒక చిన్న చొక్కా. "ఈ ఇంట్లో ముసుగు లేనిది మా అమ్మ నోటికొక్కదానికే" అని చిన్నాన్న వేళాకోళం చేస్తే, మామ్మ వినీ విననట్టు వక్కలు కత్తిరించుకునేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అత్త నా చేతిలో కూడా క్రోషియా సూది పెట్టింది. నాకు ఓపిక తక్కువ, ఏడుపు ఎక్కువ. ఒక కుట్టు జారిందంటే మొత్తం పోయిందనుకుని ముక్కు చీదుతూ కూర్చునేదాన్ని. అత్త ఆ ముక్కను అందుకుని, కొస పట్టుకుని ఒక్క లాగు లాగేది. చూస్తూండగానే నా రెండ్రోజుల కష్టం మళ్లీ వంకీలు తిరిగిన దారమై ఆవిడ ఒళ్లో పడేది. "ఏటే పిల్లా, దీనికే ఏడుత్తావా? అల్లికలో సుఖమే అది. తప్పు సేత్తే ఇప్పీడమే. మల్లీ మొదట్నించీ అల్లుకోవచ్చు" అనేది. చాలా ఏళ్లపాటు నేను లోకంలో అన్నీ అంతే అనుకున్నాను.

చిన్నాన్న లారీ డ్రైవరు. మొదట్లో బెల్లం లోడు వేసుకుని ఒడిశా దాకా వెళ్లొచ్చేవాడు. చైనాతో యుద్ధం అయ్యాక, ఉత్తరాన కొండల్లో కొత్త రోడ్లు వేస్తున్నారని, డ్రైవర్లు కావాలని ఎవరో చెబితే వెళ్లిపోయాడు. అక్కణ్ణించి రాసిన మొదటి ఉత్తరం నాన్న అరుగు మీద కూర్చుని పైకి చదివాడు. పొద్దున్నే బకెట్లో నీళ్లు రాయైపోయి ఉంటాయట, ఇంజను కింద మంట పెడితేగాని బండి కదలదట. మా వీధివీధంతా విని ముక్కున వేలేసుకుంది. "అయితే మన మాగమాసం సలికి రెండింతలుంటాదేటి?" అంది మామ్మ. ఎవరికీ జవాబు తెలియదు. మాకు తెలిసిన చలంతా మాఘమాసంలో తెల్లవారుజామున దుప్పటి ముడుచుకుని పడుకోవడమే. అత్త మాత్రం ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. తమ్ముడికి ఆవిడ మూడేళ్లే పెద్ద, కానీ తల్లికంటే ఎక్కువగా సాకింది. మామ్మకు ఆ సంగతి తెలుసు, అది ఆవిడకు కొంచెం గుచ్చుకునేదనుకుంటాను.

తర్వాతి సెలవుల్లో చిన్నాన్న వచ్చినప్పుడు అత్త స్వెట్టరు అల్లుతానంది. ఏదో వారపత్రికలో స్త్రీల పేజీ చింపి దాచుకుంది. దానికి క్రోషియా సూది పనికిరాదు, రెండు పొడుగు సూదులు కావాలి. అవి మా ఊళ్లో ఏ కొట్లోనూ దొరకలేదు. చిన్నాన్న ఒక పాత సైకిలు చువ్వలు రెండు తెచ్చి, దొడ్లో కూర్చుని, ఆకురాయితో మధ్యాహ్నమంతా కొసలు అరగదీశాడు. మధ్యమధ్య నా చేతి మీద గుచ్చి, "గుచ్చుకుందా?" అని అడిగేవాడు. గుచ్చుకోవడం లేదని నేను చెప్పేదాకా రుద్దాడు. రెండో కొసలకి చింతగింజంత లక్క ముద్దలు అంటించి, "ఇందా అక్కా, నీ సూదులు" అని ఇచ్చాడు. ఆ చువ్వలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి.

ఊలు తేవడానికి నాన్న విశాఖపట్నం వెళ్లాడు. అత్త నీలం రంగు చెప్పింది. నాన్న అచ్చం బెల్లం రంగు తెచ్చి, "మాపు కనపడదులే" అన్నాడు. జీవితమంతా బెల్లం మధ్య గడిపిన మనిషికి కంటికి ఇంకో రంగు ఆనదు. అత్త రెండ్రోజులు అలిగి మూడోరోజు మొదలుపెట్టింది. చిన్నాన్న తిరిగి వెళ్లిపోయాక, వైశాఖంలో పూర్తయింది. కొలత చూడాలంటే ఇంట్లో ఉన్న మగవాడు నాన్న ఒక్కడే. మిట్టమధ్యాహ్నం ఆయనకు స్వెట్టరు తొడిగి వీధరుగు మీద నిలబెట్టారు. నాన్న ముఖం ఎర్రగా కంది, చెమటలు కారి, "ఇప్పండే బాబూ, పోతాను!" అని కేకలు. బూబమ్మ పిన్ని గుమ్మంలో నిలబడి నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. మా ఇంట్లో అందరం కలిసి అంత నవ్విన రోజు మళ్లీ లేదు.

పార్సిలు అందిందని చిన్నాన్న జవాబు రాశాడు. "అక్కా, ఇక్కడ అందరూ దీన్ని తడిమి తడిమి చూస్తున్నారు. ఒంటిమీంచి తియ్యడం లేదు. మోచేతులు చిరిగితే నేనే కుట్టుకుంటాను, నువ్వు బెంగ పెట్టుకోకు." ఆ రెండు చలికాలాలూ అత్త నిశ్చింతగా నిద్రపోయింది. మూడో చలికాలం మొదట్లో టెలిగ్రాం వచ్చింది. మంచు మీద లారీ జారి లోయలో పడిందని, అక్కడే దహనం చేసేశారని. మామ్మ కొడుకు ముఖం చూడలేదు, బూడిద చూడలేదు. పీట మీద పెట్టడానికి ఫోటో కూడా సరైనది లేదు. పెద్దకర్మ అయిపోయింది. అయిన నెల్లాళ్లకి రైలు పార్సిల్లో అతని రేకుపెట్టె వచ్చింది.

పెట్టెను అరుగు మీదే దింపించారు. పోయినవాడి గుడ్డలు రేవుకి వెళ్లి రాకుండా గడప దాటకూడదని మా ఇంటి ఆచారం. మా వీధి బట్టలు ఉతికే ముసలాయన్ని అందరం రేవు తాత అనేవాళ్లం. ఆయన్ని రమ్మని కబురు పంపి, మామ్మ గుమ్మం లోపల కూలబడింది. అత్త పెట్టె తెరిచింది. రెండు ఖాకీ ప్యాంట్లు, గడ్డం గీసుకునే అద్దం, ఆకురాయి, మేం రాసిన ఉత్తరాలు, అడుగున స్వెట్టరు. మోచేతులు రెండూ నిజంగానే చిరిగాయి, నల్లదారంతో అడ్డదిడ్డంగా కుట్టుకున్నాడు. చేతులు వంగినచోట వంకర అలాగే నిలిచిపోయింది. లోపల ఇంకా చెయ్యి ఉన్నట్టే ఉంది. అత్త దాన్ని ముఖానికి ఆన్చుకుంది. డీజిలు వాసన, బీడీ వాసన నాకు కూడా వచ్చాయి.

పెట్టె ముట్టుకుంది కాబట్టి అత్త స్నానం చెయ్యాలి. నూతి దగ్గరికి వెళ్తూ స్వెట్టరు నా చేతిలో పెట్టి, చెవిలో చెప్పింది: "అమ్మ సూడకుండా పశువులశాల అటక మీద దాచీ. ఇది రేవుకెల్లకూడదే. ఆడి వాసన పోద్ది. నాకింకేటీ మిగల్లేదు." నేను తలూపాను. ఆవిడ అటు వెళ్లగానే లోపల్నించి మామ్మ గొంతు వినపడింది: "ఒలే పిల్లా, అన్నీ మూటలో ఎట్టేవా? ఒక్క గుడ్డ మిగిలినా ఇంట్లో ఇంకో మగోడు పోతాడు." ఇంట్లో ఇంకో మగవాడంటే మా నాన్నే. ఆ వేళకి ఆయన మార్కెట్లో ఉన్నాడు. రేవు తాత మూట ముడివేస్తున్నాడు. నేను స్వెట్టరు అందులో కుక్కేశాను. ఆయన మూట భుజాన వేసుకుని శారదా నది వైపు వెళ్లిపోయాడు.

మా ఊళ్లో బట్టలంటే నూలు బట్టలే. రేవులో వాటిని సోడా కలిపిన నీళ్లలో ముంచి, పెద్ద బానలో పేర్చి, రాత్రంతా ఉడకేసి, పొద్దున్నే బండకేసి బాదేవారు. ఊలు బట్టని మా రేవు తాతే కాదు, ఆయన తాత కూడా ఎప్పుడూ చూసి ఉండడు. మూడోరోజు ఆయన మూట తీసుకుని గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రమ్మన్నా రాలేదు. మూటలోంచి తీసి చూపించాడు. స్వెట్టరు నాలుగేళ్ల పిల్లాడికి సరిపోయేంత అయిపోయింది. అట్టలా బిరుసెక్కి, నల్లదారం కుట్లు ముడతలు పడి బొటనవేలంత మిగిలాయి. "నానేటి సేసేనో నాకే తెల్దు తల్లీ," అన్నాడాయన, ఏడుపు గొంతుతో. "అన్నిట్తోపాటే బానలో ఎట్టేను. గుడ్డన్నాక ఉడుకుద్ది గానీ, ఇలగ ముడుసుకుపోద్దని నానెరగను."

అత్త నావైపు తిరిగింది. "దాచమన్నాను కదే" అంది. కోపంగా కూడా అనలేదు. "మామ్మ లాక్కుని మూటలో ఎట్టీసింది" అన్నాను నేను. ఎలా వచ్చిందో ఆ అబద్ధం, నాలుక మీద తయారుగా ఉన్నట్టు వచ్చేసింది. మామ్మ గుమ్మంలోనే ఉంది. నా ముఖంలోకి ఒక్కసారి చూసింది. నేను ఇక చచ్చాననుకున్నాను. "అవును, నానే ఎట్టేను" అంది మామ్మ. తర్వాత చెయ్యి చాపి రేవు తాత దగ్గర్నించి ఆ చిన్న స్వెట్టరు అందుకుని, ఒళ్లో పెట్టుకుని నిమిరి, "నాలుగేళ్లప్పుడు నా పిల్లడు ఇంతే ఉండీవోడు" అంటూ దాన్ని గుండెలకదుముకుని, టెలిగ్రాం వచ్చిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చింది. అత్త తల్లి చేతుల్లోంచి దాన్ని లాక్కుంది.

ఆ తర్వాత వారం రోజులు అత్త కిటికీ దగ్గర కూర్చుని ఆ స్వెట్టరు విప్పాలని చూసింది. విప్పి ఆ ఊలుతోనే మళ్లీ అల్లాలని. మెడ దగ్గర తను వేసిన ఆఖరి ముడి ఎక్కడుందో ఆవిడకు కళ్లు మూసుకున్నా తెలుసు. సూదితో గుచ్చి, గోటితో పీకి, కత్తెరతో కోసి కూడా చూసింది. దారం రాలేదు. అసలు దారమన్నదే లేదు, కుట్లన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఒకే ముద్దైపోయాయి. ఎనిమిదో రోజు దాన్ని చువ్వలతోపాటు మడిచి తన పెట్టె అడుగున పెట్టేసింది. మళ్లీ ఊలు ముట్టలేదు. మామ్మతో మాట్లాడలేదు. అన్నం వడ్డించేది, కాళ్లకు నూనె రాసేది, జ్వరమొస్తే పక్కనే కూర్చునేది. మాట మాత్రం లేదు. మామ్మ ఎప్పుడైనా "ఒలే" అని పిలిస్తే అత్త నన్ను పంపించేది. ఇద్దరి మధ్యా మాటలు మోసింది నేనే. మూడేళ్లు అలా మోశాను. రోజూ నిజం చెప్పెయ్యాలనుకునేదాన్ని, రోజూ రేపు చెబుదామనుకునేదాన్ని. ఒక శ్రావణమాసంలో మామ్మ పోయింది. నా అబద్ధాన్ని ఎందుకు తన మీద వేసుకుందో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. వెయ్యమని చెప్పింది తనే కదా అనుకుందో, పన్నెండేళ్ల పిల్ల మొయ్యలేదనుకుందో.

నా పెళ్లయి, బిడ్డ పుట్టాక, పుట్టింటికి వచ్చినప్పుడు ఒక సాయంత్రం అత్తకు చెప్పేశాను. ఆవిడ నా బిడ్డకు నూలుదారంతో టోపీ అల్లుతోంది. చెయ్యి ఆగింది. "మా అమ్మ బతికుండగా తన దగ్గిర తప్పు ఒప్పుకున్నావా?" అంది. లేదన్నాను. "మరి నాకెందుకే సెప్పేవు, ఇప్పుడు?" అంది. ఆవిడ కొస పట్టుకుని, సగం అయిన టోపీని నెమ్మదిగా, ఒక్కొక్క వరసే మొత్తం విప్పేసి, ఉండ చుట్టి పక్కన పెట్టింది. మర్నాడు మళ్లీ మొదట్నించీ మొదలుపెట్టింది. టోపీ పూర్తిచేసి బిడ్డకు తనే తొడిగింది గానీ, ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

అత్త పోయాక ఆ పెట్టె నాకు వచ్చింది. పట్టీ గురించి అడిగిన మనవరాలికి నిన్న అందులోంచి చువ్వలు, స్వెట్టరు తీసి చూపించాను. "ఇంత చిన్నది, ఏ పాపది అమ్మమ్మా?" అంది. మా చిన్నాన్నది అన్నాను. నమ్మలేదు. కాలం గడిచే కొద్దీ అన్నీ వదులవుతాయని అందరూ నాకు చెబుతూ వచ్చారు. నేను చూసినంతలో కాలం కూడా మా రేవు తాత బాన లాంటిదే. వేసిన ప్రతిదాన్నీ ఉడికించి చేతిలో పట్టేంత చేసి ఇస్తుంది, కానీ ఒక్క కుట్టు కూడా విప్పుకోనివ్వదు.