చనిపోయినవాడి పనిదినాలు

పత్తికొండకు అవతల ఒక మండల కార్యాలయంలో నేను కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరేనాటికి ఉపాధి హామీ పనులు కొత్త. ఊళ్ల నుంచి వచ్చే కూలీల హాజరు కాగితాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. ఇక దొంగ పేర్లు దాగవని పై అధికారులు అనేవారు. నేనూ నమ్మాను.

తనిఖీ కోసం జాబితాలు అచ్చుతీసి ఊరూరా చదివి వినిపించమన్నారు. ఒక ఊళ్లో చర్చి అరుగు మీద నిలబడి చదువుతుంటే, ఒక పేరు దగ్గర యాభై ఏళ్ల కూలీ ఒకామె లేచింది.

"మళ్ళా ఒకసారి సదువప్పా."

చదివాను. చెరువు పూడికతీత, ఇరవై రోజుల హాజరు.

"ఆయప్ప నా మొగుడు. సచ్చిపోయి రెండేండ్లాయ. పనికి యాడ వచ్చినాడు?"

హాజరు రాసేది ఊరి నాయకుడి అన్న కొడుకు. అతను కొంచెం దూరంలో మోటార్‌సైకిల్ మీద కూర్చుని వింటున్నాడు.

ఆమె ఆ కాగితం అడిగి తీసుకుంది. చదువు రాదు. పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, దాని మీద వేలు పెట్టింది. "బతికుండంగ ఒక్క కాగితంలోనూ ఆయప్ప పేరు సరిగా రాయలేదు" అంది.

వారంలోగా వేలిముద్ర వేసి ఫిర్యాదు ఇచ్చింది. విచారణకు ఆదేశం వచ్చింది. మర్నాడే నాయకుడు మా కార్యాలయానికి వచ్చి, నాకు కూడా టీ తెప్పించాడు.

"ఇంకా పర్మినెంట్ కాలేదంట గదప్పా నీకు? ఇద్దరు ఆడపిల్లోళ్లంట. కంప్యూటర్ అన్నాక తప్పులు పడతాంటాయి. నిన్నెవురూ ఏమీ అనరులే."

మా అధికారి తలెత్తకుండా ఒక తెల్ల కాగితం నా వైపు జరిపాడు. వేరొకరి హాజరు పొరపాటున ఆ పేరు మీద నమోదైందని రాసి సంతకం చేశాను. దస్తూరి ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చింది.

ఫిర్యాదు మూసేశారు. నెల తర్వాత ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. జాబితాలో పేరు లేదని పనిలోకి రానివ్వలేదట. కంప్యూటర్‌లో చూశాను. ఊరు వదిలి వెళ్లిపోయిందని ఉంది.

"యాడికి పోయినా? ఈడనే ఉండా గదప్పా, నీ ముందర."

ఆ మాట తీసేయాలంటే అధికారి పాస్‌వర్డ్ కావాలి. అడిగే ధైర్యం నాకు లేకపోయింది. సోమవారం రమ్మన్నాను. మూడు సోమవారాలు వచ్చింది. పదిహేను కిలోమీటర్లు, ఒకసారి నడిచే వచ్చిందట. ప్రతిసారీ సారు లేరని చెప్పి పంపించాను. ఆమె నన్ను పల్లెత్తు మాట అనలేదు.

నాలుగో సోమవారం రాలేదు. గుంటూరు వైపు మిరప కోతలకు పోయే లారీ ఎక్కిందని ఆ ఊరివాళ్లు చెప్పారు.

నేను ఇంకో నాలుగేళ్లు అదే కుర్చీలో కూర్చున్నాను.