బావ బండికి నేనేసిన పాత కంప్యూటర్

షార్జాలో నాలుగేళ్లు గ్యారేజీలో ఉండొచ్చానంటే కోరుట్లలో ఎవరూ అక్కడేం పని చేశావని అడగరు. నేనూ చెప్పలేదు. బండ్లు కడిగాను, టైర్లు విప్పాను. ఇంజన్లు దించుతుంటే పక్కన నిలబడి చూశాను. అంతే నా విద్య. తిరిగొచ్చి జగిత్యాల రోడ్డు మీద షెడ్డు వేసుకుంటే, బోర్డు రాసేవాడు తనంతట తానే ‘దుబాయ్ మెకానిక్’ అని రాసిపెట్టాడు. నేను తుడిపించలేదు. చదువుకుంటే నాకే ముచ్చటేసింది, నా మొహానికి!

క్లచ్చులు, బ్రేకులు చేస్తూ చేస్తూ నేర్చుకున్నాను, అది అబద్ధం కాదు. కంప్యూటర్ ఉన్న ఇంజన్లంటే మాత్రం లోపల దడ.

బావ అంటే మా అక్క భర్త. మేడిపల్లి దగ్గర ఊరు. వాళ్ల నాన్న తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. బావ చెట్టెక్కడం నేర్వకముందే విమానమెక్కాడు. పన్నెండేళ్లు మస్కట్లో ఉండి, ఇక చాలనుకుని వచ్చి, పాత ఏడు సీట్ల డీజిల్ కారు కొన్నాడు. గల్ఫ్ పోయేవాళ్లను ఎయిర్‌పోర్టులో దింపే కిరాయిలకు మా దగ్గర కొదువలేదు. “ఇగ సచ్చినా పోను బామ్మర్ది. గీ బండి నడిస్తే సాలు, నా బిడ్డను సూసుకుంట గీడనే ఉంట” అనేవాడు. ఆ బిడ్డకప్పుడు ఆరేళ్లు. “బాపు ఫోన్ల ఉన్నప్పుడే మంచిగుండె, ఇంట్ల ఉంటే కోపం జేస్తడు” అందట ఒకరోజు. బావ ఆ మాట ఊరంతా చెప్పుకుని నవ్వాడు.

ఎనిమిది నెలలకు ఇంజను పట్టేసింది. ఇద్దరం హైదరాబాద్ పోయి పాత సామాన్ల బజారులో ఇంకో ఇంజను చూశాం. అదే కంపెనీది, కానీ కాస్త కొత్త మోడల్ బండిలోంచి తీసింది. అమ్మేవాడు మంచివాడు. “దీని కంప్యూటర్, వైరింగు, తాళంచెవి మూడూ సెట్టు భాయ్. ఇంకో గోదాంల ఉంది, ఎల్లుండి ఇప్పిస్త. సెట్టు ఇడగొట్టకుండ్రి” అని చెప్పాడు.

ఇంజనుకు ఎప్పుడెంత డీజిల్ పోయాలో చెప్పేది ఆ కంప్యూటరే, అరచేతంత డబ్బా. షార్జాలో ఇంజను మారిస్తే దాని డబ్బాను దానితోనే బిగించడం కళ్లారా చూశాను. కానీ బిగించాక ఒకతను ల్యాప్‌టాప్ తెచ్చి, ఆ డబ్బాను బండి తాళానికి కలిపేవాడు. అతను ఏం నొక్కేవాడో నాకు తెలియదు. సెట్టు తెస్తే బావ ముందర ఇంకొకణ్ని పిలిపించాలి. దుబాయ్ మెకానిక్ ఇంకొకణ్ని పిలవడమా! పరువు అడ్డమొచ్చింది. “అక్కర్లేదు. మన బండిల పాత కంప్యూటర్ మంచిగనే ఉన్నది గద” అనేశాను.

“రెండు ఒకటేనా?” అన్నాడు బావ.

“ఒకటే.”

ఇంజనును డీసీఎం వ్యానులో వేసుకుని వస్తుంటే దారిలో మళ్లీ అడిగాడు. “ఎరుకైతేనే జెయ్యి బామ్మర్ది. లేకుంటే ఎల్లుండి దాక ఆగుదాం, ఏం పోతది?”

నాకు చుర్రుమంది. “నాకు నేర్పుతవా బావా? గిసొంటియి ఆడ పది జేసిన!”

పాత డబ్బాకు ప్లగ్గు టక్కున కూర్చుంది. రెండోసారి తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. నేనే నమ్మలేకపోయాను. గట్టిగా తొక్కితే కొంచెం నల్లపొగ వచ్చింది గానీ, సర్దుకుంటుందన్నాను. ఇరవై రోజులు కోరుట్ల, జగిత్యాల, ధర్మపురి చుట్టూ బాగానే తిరిగింది. నాకూ ఆ పని వచ్చేసిందనుకున్నాను.

తర్వాత సిరిసిల్ల కిరాయి తగిలింది. మరమగ్గాలు నడిపే మనిషి. నెలల తరబడి మగ్గాలు ఆగిపోయి, గతిలేక బహ్రెయిన్‌లో క్లీనింగు పనికి ఒప్పుకున్నాడు. మొదటిసారి పోతున్నాడు. భార్య, తల్లి సాగనంపడానికి ఎక్కారు. సాయంత్రం ఫ్లైటు. సిద్దిపేట దాటాక, మండుటెండలో, ఏసీ మీద ఎత్తెక్కుతుంటే బండి ఆగిపోయింది. కాసేపాగి స్టార్ట్ చేస్తే కిలోమీటరు పోయి మళ్లీ ఆగింది. బావ ఫోన్ చేశాడు. “బ్యాటరీ వైరు పీకి మళ్ల పెట్టు” అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు. ఇంకో నాలుగు కిలోమీటర్లు పోయిందట. వేరే బండిని ఆపి వాళ్లనెక్కించి పంపితే, చేరేసరికి ఎయిర్‌పోర్టులో కౌంటరు మూసేశారు. ఆ మనిషి పెట్టెతో సహా బస్సులో సిరిసిల్లకు తిరిగొచ్చాడు. నాలుగు రోజులకు వీసా ఇప్పించిన ఏజెంటు ఆ పని ఇంకొకరికి పోయిందన్నాడు.

బండిని ఇంకో బండికి కట్టుకుని కరీంనగర్ తీసుకుపోయాం. అక్కడి మెకానిక్ ల్యాప్‌టాప్ పెట్టి పది నిమిషాల్లో తేల్చేశాడు. “ఇంజను ఒకటి, కంప్యూటర్ ఇంకోటి. ఊర్లె తిరిగితే తెల్వది. ఎండల దూరం గుంజితే లెక్క తప్పి బందు జేస్తది. ఎవరు బెట్టిండ్రు గిది?”

నేను పక్కనే ఉన్నాను. బావ నా వైపు చూడలేదు. “ఎవరో పెట్టిండ్రు లే” అన్నాడు.

సరైన డబ్బా పడ్డాక బండి బంగారంలా నడిచింది. కానీ ఎక్కేదెవరు? ‘గా బండెక్కితే ఫ్లైటు అందదు’ అన్న మాట సిరిసిల్ల నుంచి కోరుట్ల దాకా పాకింది. ఇల్లూవాకిలీ విడిచి పోయేవాడు అలాంటి బండి ఎందుకెక్కుతాడు? నేనైనా ఎక్కను. బావ సిరిసిల్ల పోయి ఆ ఇంటివాళ్లను కలిశాడు. ఆ తల్లి ఒక్క మాట అనకుండా చాయ్ పోసిందట. తిట్టినా బాగుండేదన్నాడు.

రెండు నెలలు బండి వాకిట్లో ఊరికే నిలబడింది. ఆ తర్వాత బావ పాస్‌పోర్టు ఏజెంటు చేతిలో పెట్టాడు. అక్క నా షెడ్డుకొచ్చి ఏడ్చింది. “తమ్మీ, నువ్వన్న జెప్పు. బండి మంచిగనే అయింది గద, పోవుడెందుకు?” ఆమెకు ఏమీ తెలియదు.

బావను అదే బండిలో నేనే ఎయిర్‌పోర్టుకు తీసుకుపోయాను. చూడలేనని అక్క రాలేదు. దారి పొడవునా బండి చిన్న పేచీ కూడా పెట్టలేదు. సిద్దిపేట దాటాక ఇక ఆపుకోలేక చెప్పేశాను. “బావా, నేను ఆడ మెకానిక్‌ను గాదు. బండ్లు కడిగేటోన్ని.”

“ఎరుకే” అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ. “నీ రూముల ఉన్నాయన ఎప్పుడో జెప్పిండు.”

“మరి నా చేతికెందుకిచ్చినవ్?”

“ఈడికొచ్చినంక నేర్సుకున్నవేమో అనుకున్న. అందుకే రెండుసార్లు అడిగిన. ‘నాకు ఎరుకలేదు బావా’ అంటవేమోనని సూసిన. అంటే ఎల్లుండి దాక ఆగి సెట్టు తెచ్చుకునేటోళ్లం గద.”

కోపంగా అనలేదు. అలా అన్నా నాకు నయంగా ఉండేది. ఎయిర్‌పోర్టులో పెట్టె దించుకుని, “అక్కకు జెప్పకు, బాధపడ్తది” అని లోపలికి పోయాడు.

బిడ్డకిప్పుడు పన్నెండేళ్లు. బావ ఇంకా మస్కట్లోనే ఉన్నాడు. అక్కకు నేను ఇంతవరకు చెప్పలేదు.