సుభాని మీద పడ్డ నింద

తోటపల్లి గూడూరు సెంటర్లో రిపేరు షాపు సుభానికి కోపం ముక్కు మీదే ఉంటుందని చిన్నా పెద్దా అందరికీ తెలుసు. మిక్సీ ఎలా కాలిందో సరిగ్గా చెప్పకపోతే తెచ్చినవాణ్ణి తిట్టి పంపేస్తాడు. అయినా ముప్పయ్యేళ్లుగా చుట్టుపక్కల రొయ్యల గుంటల మోటార్లన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. ఆయన చెయ్యి మంచిది, అంతకన్నా బుద్ధి మంచిది. తెచ్చినవాణ్ణి ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి, ఊడదీసిన పాత సామాను వాడి చేతిలో పెట్టాకే కొత్తది బిగిస్తాడు.

అలాంటి మనిషి మీద మూడేళ్ల కిందట జడ్సన్ నింద వేశాడు. జడ్సన్ చర్చిలో ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాడు. అది మద్రాసులో కొన్న సెకండ్‌హ్యాండ్ ఫారిన్ సరుకు. దాన్ని ఎవరికైనా చూపించడమే గొప్ప అన్నట్టుంటాడు. అప్పట్లో వైరు గుచ్చే చోట లోపల తీగ తెగితే, కూర్చునే ఓపిక లేక గిటారు షాపులో పడేసి పోయాడు. సుభాని ఆ ఒక్క తీగకూ టంకం పెట్టి, మరి దేన్నీ ముట్టుకోకుండా తిరిగిచ్చాడు.

నెల తిరక్కుండా వాల్యూమ్ తిప్పితే గరగరమనసాగింది. సముద్రపు గాలికి ఇనప గేట్లే తుప్పు పట్టిపోయే ఊళ్లో అదేం వింత కాదు. కానీ జడ్సన్ ఆగలేదు. షాపుకెదురుగా పెంచలకృష్ణ టీ అంగట్లో నిలబడి, సుభాని ఫారిన్ వాల్యూమ్ కంట్రోలు కాజేసి డూప్లికేటుది బిగించాడని పదిమందీ వినేలా చెప్పాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. సగం మోటార్లు నెల్లూరు దారి పట్టాయి. అంతకు ముందు స్టూలు మీద కూర్చుని ఊరి కబుర్లన్నీ చెప్పినవాళ్లు, ఇప్పుడు నోరు మూసుకుని ఆయన చేతుల వంకే చూసేవాళ్లు. ఆ చూపులకు సుభాని లోపల్లోపల ఉడికిపోయేవాడు.

మొన్న చర్చి మీటింగుల రోజు పొద్దున గిటారు పూర్తిగా మూగబోయింది. నెల్లూరు పోయొచ్చే వ్యవధి లేక జడ్సన్ మళ్లీ ఆ గడపే తొక్కాడు. సుభాని పలకరించలేదు. స్టూలు కాలితో తోసి, ఈసారి కదలకుండా కూర్చుంటేనే ముట్టుకుంటానన్నాడు.

మరలు తీసి, వాల్యూమ్ కంట్రోలు తిరగేసి చూశాడు. దాని వీపు మీద గిటారు కంపెనీ పేరే ఉంది. టంకం మీద కంపెనీవాళ్లు పెట్టిన ఎర్రరంగు చుక్క చెక్కు చెదరలేదు. లోపల మాత్రం తుప్పు తినేసింది. దాన్ని ఊడదీసి జడ్సన్ అరచేతిలో పెట్టాడు.

"బాగా చూడు. దీన్ని నేనెప్పుడు మార్చినాను?"

జడ్సన్ దాన్ని తిప్పి చూసి గుప్పిట మూశాడు. సుభాని పని ఆపలేదు. కొత్త కంట్రోలుకు టంకం పెట్టి, మూత బిగించి, స్పీకరుకు తగిలించి చూశాడు. గరగర లేదు. గిటారు శుభ్రంగా పలికింది.

జడ్సన్ లేచి, గొంతు బాగా తగ్గించి, "తప్పయింది సుభానన్నా" అన్నాడు.

"అన్నది నడిబజార్లో, ఒప్పుకునేది నా చెవిలోనా? పో, ఆ టీ అంగట్లో చెప్పు."

చెప్తాలెమ్మని జడ్సన్ గిటారు భుజాన వేసుకుని బయల్దేరాడు. సుభాని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మూడేళ్ల మంట ఇవాళతో ఆరుతుందని నిజంగానే ఆశపడ్డాడు. ఇంతలో జడ్సన్ రోడ్డు దాటుతూ గుప్పిట్లోని పాత కంట్రోలును మురుక్కాలవలోకి విసిరేశాడు. ఆ తర్వాత టీ అడిగాడు. గిటారు బాగయిందా అని పెంచలకృష్ణ అడిగాడు.

"అయింది" అన్నాడు జడ్సన్, అందరికీ వినపడేలా. "ఈసారి దగ్గిర కూర్చోని చేయించినాలే."

బెంచీ మీదున్న వాళ్లంతా తలలు తిప్పి సుభాని వైపు చూశారు.