బాంబుల గదిలో గోగు కట్టలు

ఇది ఒక మహాయుద్ధ గాథ. ఇందులో సముద్రం మీదుగా దూసుకొచ్చే శత్రు విమానాలున్నాయి, రైలు వంతెనకి కాపలా కాసే తుపాకుల గూడు ఉంది, నేల కింద ఒక రహస్య మందిరం ఉంది, దాన్ని ఛేదించడానికి బయల్దేరిన ఇద్దరు వీరులున్నారు.

అయితే విమానాలు మా ఊరి దాకా రాలేదు. తుపాకులు ఎవరో ఎప్పుడో పట్టుకెళ్లిపోయారు. రహస్య మందిరం సంగతి ఊళ్లో పేకాడే ప్రతి మనిషికీ తెలుసు. వీరుల్లో ఒకణ్ని నేను, రెండోవాడు మా బావ, మేనత్త కొడుకు. బయల్దేరిన కారణం గోగు నానబెట్టుకోవడం. కాబట్టి గాథ అన్న మాటని మర్యాదగా వెనక్కి తీసుకుంటున్నాను.

నేను విజయనగరంలో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేస్తాను. విశాఖ బీచ్‌లో ఇసుకలోకి ఓ పక్కకి ఒరిగిపోయిన పాత కాంక్రీటు గదిని చూసినప్పటి నుంచి నాకో పురుగు పట్టుకుంది. జపాన్ వాడు విశాఖ మీద బాంబులు వేసిన కాలంలో తీరం పొడవునా ఇలాంటివి కట్టారట. గోడలో సన్నటి కన్నాలు, ఆ కన్నాల్లోంచి తుపాకులు. జనం దాని ముందు నిలబడి మొక్కజొన్న పొత్తులు తింటున్నారు. నేనూ తిన్నాను. కానీ తింటూ ఆలోచించాను. అక్కడ కట్టినవాళ్లు మా వైపు మాత్రం ఎందుకు కట్టి ఉండరు?

కట్టారు. చీపురుపల్లి దగ్గర మా మేనత్తగారి ఊరుంది. ఊరికీ రైలు పట్టాలకీ మధ్య ఒక గెడ్డ పారుతుంది. వాగుని మా వైపు గెడ్డ అంటాం. పట్టాలు ఆ గెడ్డని దాటే వంతెనకి కాస్త ఎడంగా, తుప్పల్లో, అలాంటి గదే ఒకటి దొరికింది. నేను పాక్కుంటూ లోపలికెళ్లాను. మేక పెంటికలు. గోడ మీద బొగ్గుతో ఒక ప్రేమజంట పేర్లు, దాని కింద వేరే చేతిరాతతో ఆ అమ్మాయి గురించి ఒక హెచ్చరిక. తుపాకీ కన్నంలోంచి చూస్తే ఒకప్పుడు శత్రువు వచ్చే దారి కనిపించేదేమో, ఇప్పుడు గోడ మీద రాసిన సిమెంటు ప్రకటన కనిపిస్తుంది. గుండె ఉప్పొంగింది. మోకాళ్లు గీరుకుపోయాయి.

ఆ మోకాళ్లతో అత్త ఇంటికి వెళ్లి అడిగాను.

"అత్తా, యుద్ధం నాటి గదులు ఇంకా ఏమైనా ఉన్నాయా ఇటువైపు?"

"ఉన్నాదిరా ఒకటి. మీ బావ బుర్ర. లోపలేటీ నేదు."

బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు, తలెత్తలేదు. మామూలుగా ఇలాంటి మాటకి వెంటనే బదులిచ్చే మనిషి. ఏమైందని అడిగితే అత్తే చెప్పింది. మెట్ట మీద వేసిన గోగు కోసేశారు. ఆ ఏడు మెట్ట మీద అది తప్ప వేరే పంట లేదు. ఆకు రాలడానికి కట్టలు కట్టి నిలబెట్టారు. ఇక నీళ్లలో పడుకోబెట్టి ఊరబెట్టాలి, ఊరితేనే బెరడు వదిలి నార వస్తుంది. ఏటా ఊరి చెరువులోనే వేసేవాళ్లు. ఈసారి చెరువుని చేపలకి వేలం పాట పాడుకున్నాయన గట్టు మీద నిలబడి, ఒక్క కట్ట పడినా ఒప్పుకోనన్నాడు. గోగు ఊరితే నీళ్లు కుళ్లుతాయి, చేపలు తేలతాయి, ఆయన బాధ ఆయనది. గెడ్డలో వేద్దామంటే పారే నీళ్లలో కట్టలు పక్క ఊరికి పోతాయి. అలాగే ఎండిపోయిందంటే బెరడు పుల్లకి కరుచుకుపోతుంది. ఆ తర్వాత అది పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు.

"ఆడికి గుంట కావాలి, నీకు గుహ కావాలి," అంది అత్త. "జీడితోట దిబ్బ కింద ఉన్నాది కదా బాంబుల గది, పోయి సూసుకోండి ఇద్దరూ."

నేను లేచి నిలబడ్డాను. బావ కూడా లేచాడు.

"బాంబుల గదా?" అన్నాను నేను.

"నీరు నిలుస్తాదా అందల?" అన్నాడు బావ.

అత్త కాపురానికి వచ్చిన కొత్తలో వాళ్ల అత్తగారు చెప్పిందట. మిలటరీ వాళ్లు దిబ్బ తవ్వి గది కట్టి, విమానం చప్పుడు వినబడితే అందరూ వచ్చి ఇందులో కూర్చోండని ఊళ్లో చాటింపు వేయించారట. ఒకరోజు చప్పుడు వినబడింది. ఊరంతా పిల్లల్నెత్తుకుని పరిగెత్తింది. మెట్ల మీద పాము చుట్టుకుని ఉంది. ఊరంతా వెనక్కి పరిగెత్తింది.

"మరి బాంబులో?" అన్నాను.

"జపానోడు వస్తాడో రాడో ఎవుడికి తెలుసురా? పాము వచ్చేసి ఉన్నాది కదా."

యుద్ధకాలపు నిర్ణయాల గురించి ఇంతకంటే తెలివైన మాట నేను ఎక్కడా వినలేదు.

జీడితోట గెడ్డకి ఇవతలి పక్కనే. దిబ్బ చుట్టూ తుప్పలు కొడుతూ పోయాం. బావ చేతిలో కత్తి, నా చేతిలో ఫోను. తుప్పల వెనక సగం మట్టిలో పూడిపోయిన ఇటుక గోడ కనిపించింది, దాని పక్కన కిందికి దిగే మెట్లు. ఎన్ని దశాబ్దాలుగా మనిషి అడుగు పడని చోటో అని ఫోను లైటు వేసి మొదటి మెట్టు దిగాను.

లోపలి నుంచి "పోలీసోళ్లొచ్చినార్రా!" అని కేక.

చీకట్లోంచి ముగ్గురు మనుషులు నన్ను గోడకి నెట్టుకుంటూ బయటికి పరిగెత్తారు. చివరి ఆయన లుంగీ తుప్పకి చిక్కుకోవడంతో ఆగాల్సి వచ్చింది. చూస్తే అత్తవాళ్ల వీధి చివర కిరాణా కొట్టాయన.

"ఒరే, నువ్వేటి?" అన్నాడు బావని చూసి.

"గోగు ఎయ్యడానికి సోటు సూస్తన్నాను మావా."

"గోగా? ఇందలా? మరి మేమెక్కడ కూకోవాలిరా?"

"కొట్లో కూకో మావా. మీ ఇంటామె ఒక్కర్తీ కూకుంటన్నాది."

కొట్టాయన లుంగీ విడిపించుకుని, మమ్మల్ని తిట్టవలసినంత తిట్టి, లోపల మర్చిపోయిన చాప చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రహస్య స్థావరాన్ని మేము ఎవరికీ చెప్పకూడదన్న షరతు మాత్రం పెట్టాడు.

లోపల మెట్లు దిగగానే దారి ఠక్కున మలుపు తిరుగుతుంది. బయట బాంబు పేలితే ముక్కలు సూటిగా లోపలికి రాకుండా ఆ మలుపు. తర్వాత పొడవాటి గది, పైన వంపు తిరిగిన కాంక్రీటు కప్పు, నిలబడితే నెత్తికి తగులుతుంది. కింద మోకాలి లోతు ఒండ్రుమట్టి, దాని మీద అగ్గిపుల్లలు, కొవ్వొత్తి ముక్కలు, కళావరు రాణి ఒకతి. నేను గోడని చేత్తో తడిమాను. చల్లగా, నున్నగా ఉంది. ఇంత భయపడి, ఇంత పకడ్బందీగా కట్టి, చివరికి ఒక పాముకి అప్పగించేసి వెళ్లిపోయారు. బావ కూడా గోడని తడిమాడు. గోళ్లతో గీకాడు, పగుళ్లేమైనా ఉన్నాయేమోనని.

"గట్టిదేరా," అన్నాడు. ఆ రోజు పొద్దున్నుంచి ఆయన మొహంలో మొదటిసారి వెలుగు చూశాను. నా ఫోను లైటు కూడా కొంత సాయం చేసింది.

మర్నాడు షాపుకి ఫోన్ చేసి జ్వరమన్నాను. ఇద్దరం ఒండ్రు తవ్వి తట్టలతో బయటికి మోశాం. తవ్వితే లోతు పెరుగుతుందని బావ ఆశ, అసలు నేల చూడాలని నా ఆశ. నేల బయటపడింది. సిమెంటు తడిగా ఉన్నప్పుడు దాని మీద ఓ కుక్క నడిచి వెళ్లినట్టుంది. ఒక గోడ దగ్గర నుంచి ఇంకో గోడ దాకా పాదాల గుర్తులు, మధ్యలో కాసేపు ఆగి చుట్టూ తిరిగిన గుర్తులు. అంత పెద్ద యుద్ధంలో ఇక్కడికి వచ్చిన మొట్టమొదటి సైన్యం అదే. నేను కింద కూర్చుని చాలాసేపు చూశాను. ఎవరి కుక్కో, ఎవరు అదిలించారో, ఏ భాషలో తిట్టారో.

"లెగు, తట్ట పట్టు," అన్నాడు బావ.

ఒక మూలకి వచ్చేసరికి నేలలో చిన్న గుంట, అందులో మట్టి గొట్టం మూతి కనిపించింది. ఒండ్రు గట్టిగా బిగుసుకుపోయి ఉంది. సొరంగం మొదలు దొరికిందనుకున్నాను. ఆ సొరంగంలోంచి దూరి వెళ్లాలంటే ఎలుకై పుట్టాలన్న ఆలోచన నాకు రాలేదు. ఒక ఇనుప చువ్వ తెచ్చి, చెయ్యి పట్టినంత మేర శ్రద్ధగా గీకి శుభ్రం చేశాను. "బాగా సేసినావు," అని బావ కూడా మెచ్చుకున్నాడు. మా ఇద్దరి తెలివీ ఒక్కచోట చేరింది.

ఇక కట్టలు దించాలి. ఇక్కడ కాసేపు యుద్ధమే జరిగింది. గోగు కట్ట మనిషి కంటే పొడుగు. మెట్లు దిగుతుంది, మలుపు దగ్గర ఆగిపోతుంది. అడ్డంగా తిప్పాం, నిలువుగా తిప్పాం, నన్ను గోడకి అదిమి దాన్ని తిప్పాం. బాంబు ముక్క తిరగకూడదని కట్టిన మలుపు గోగు కట్టని మాత్రం ఎందుకు తిరగనిస్తుంది? బావ మెట్ల మీద కూలబడిపోయాడు. బయట కట్టలు ఎండుతున్నాయి.

అప్పుడు నాకు ఒక అనుమానం వచ్చింది. ఇంత జాగ్రత్తగా కట్టినవాడు, ముందు ద్వారం కూలిపోతే లోపలివాళ్లు ఎలా బయటపడాలనుకున్నాడు? రెండో దారి ఉండి తీరాలి. గది చివరికి వెళ్లి కప్పు తడుముకుంటూ పోతే, గోడకి దిగ్గొట్టిన ఇనుప మెట్లు, వాటి పైన చతురస్రంగా ఒక కంత, దానికి అడ్డంగా రాతి పలక, పలక మీద మట్టి. దిబ్బ పైకెక్కి తవ్వి పలక జరిపాం. గదిలోకి వెలుగు దూకింది. అది బహుశా నా జీవితంలో నేను చేసిన ఏకైక పురావస్తు పరిశోధన. దాంట్లోంచి గోగు కట్టలు ఒక్కొక్కటే జారవిడిచాం. కుళ్లే నీళ్ల మీద చేరే గాలి మనిషిని పడగొడుతుందని బావకి తెలుసు, అందుకే మళ్లీ లోపలికి దిగే పని లేకుండా ప్రతి కట్టకీ తాడు కట్టి, కొసలు పైన ఉంచాడు. కట్టల మీద రాళ్లు పేర్చి, గెడ్డలో ఆయిలింజిను పెట్టి, పైపు వేసి గది నింపాం. నీళ్లు కట్టల్ని ముంచేశాయి. బావ కంత దగ్గర పడుకుని, లోపలికి తొంగిచూస్తూ నవ్వాడు.

పొద్దున్నే వెళ్లి చూస్తే గదిలో చుక్క నీరు లేదు. కట్టల మీద రాళ్లు, రాళ్ల మీద ఒక కప్ప.

అత్త కూడా వచ్చి తొంగిచూసింది. "జపానోడు సెయ్యనేని పని మీరిద్దరూ సేసినారు," అంది. "బంగారంలాటి గదిని పాడు సేసినారు."

ఇంకో రోజు ఇలాగే పోతే తడిసి ఆరిన ఆ కట్టలు దేనికీ పనికిరావు. ఇంజిను మళ్లీ వేయమన్నాడు బావ నన్ను. వేశాను. ఆయన దిబ్బ చుట్టూ, తర్వాత గెడ్డ ఒడ్డు పొడవునా, నేలని చూసుకుంటూ నడిచాడు. కాసేపటికి మొగలి పొదల్లోంచి కేక.

"ఒరే, ఇటు రా! నీ సొరంగం ఇక్కడున్నాది!"

పరిగెత్తాను. గెడ్డ ఒడ్డున మట్టి గొట్టం మూతి ఒకటి, అందులోంచి మేము ఎక్కించిన నీళ్లు ఎంతో మర్యాదగా తిరిగి గెడ్డలో కలుస్తున్నాయి. గదిలో ఊట నీరు చేరితే బయటికి పోవడానికి వాళ్లు వేసుకున్న గొట్టం అది. ఇన్నేళ్లూ దాన్ని మూసి ఉంచింది ఒండ్రుమట్టి. దాన్ని తీసి శుభ్రం చేసింది నేను. తీసి శుభ్రం చేసినందుకు మెచ్చుకుంది బావ. కాబట్టి తప్పు సమానంగా పంచుకున్నాం, కానీ అత్త వాటాలు వేరేలా వేసింది.

సరుగుడు కర్ర ముక్క ఒకటి కోసి, గోనెగుడ్డ చుట్టి, గొట్టంలోకి సుత్తితో దిగ్గొట్టాడు బావ. పైన బంకమట్టి మెత్తాం. నేను చెవి ఆనించి విన్నాను. లోపల నీళ్లు వచ్చి బిరడాకి తగిలి ఆగిన చప్పుడు. కంత దగ్గరికి పరిగెత్తి చూస్తే నీటిమట్టం గోడ మీద మెల్లగా పైకి జరుగుతోంది, కుక్క పాదాల గుర్తులు ఒక్కొక్కటే మునిగిపోతున్నాయి. ఆ రోజంతా బావ అక్కడి నుంచి కదల్లేదు. గోడ మీద బొగ్గుతో గీత గీసుకుని, నీరు ఆ గీత కిందికి దిగుతుందేమోనని చూస్తూ కూర్చున్నాడు. అన్నం అక్కడికే తెప్పించుకున్నాడు. గీత దగ్గరే నిలిచింది.

ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా పాసింజరెక్కి వెళ్లాను. దిబ్బ దగ్గరికి వెళ్లేకొద్దీ వాసన వచ్చి ఎదురుకోలు పలికేది. పేకాటవాళ్లు ఆ దారినే మానేశారు. నా స్నేహితుల్ని ఇద్దర్ని బాంబుల గది చూపిస్తానని తీసుకెళితే జీడితోట మొదట్లోనే ముక్కు మూసుకుని, చరిత్ర చాలన్నారు. ప్రతిసారీ బావ తాడు పట్టి ఒక కట్ట లాగి, బెరడు గోటితో గిల్లి చూసేవాడు. ఊడేది కాదు. మళ్లీ దించేసేవాడు. చేపల చెరువాయన కూడా ఓసారి వచ్చి చూసి, పాపం, గబగబా తన చెరువు దగ్గరికి వెళ్లిపోయాడు.

చివరికి ఒకరోజు గిల్లగానే బెరడు మొదలు నుంచి కొస దాకా మెత్తగా జారి వచ్చింది. బావ దాన్ని రెండు చేతులతో పట్టుకుని లాగి చూశాడు. తెగలేదు. కట్టలన్నీ పైకి లాగి, గెడ్డ ఒడ్డున ఒలిచి ఉతికాం. నార బాగానే వచ్చింది, ఎండలో వేస్తే తెల్లగానే ఆరింది. వచ్చే ఏడు కూడా ఇక్కడే వేస్తానన్నాడు బావ, కాకపోతే కోత కాస్త ముందు మొదలుపెట్టాలట. ఎండ తగలని నీళ్లలో గోగు ఊరడానికి చెరువులో కంటే ఓ వారం ఎక్కువ పడుతుంది.