చాప మీద మిగిలే జత

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. మా ఊళ్ళో ఈ మాట అంటే, "అయితే క్రిస్మస్‌కి ఇంటి మీద స్టార్ ఎందుకు కట్టావయ్యా?" అని అడుగుతారు. కోర్టులో నా తోటి గుమాస్తాలదైతే మరీ ఎగతాళి. "దేవుడు లేడంటావు, కేకు మాత్రం తెస్తావు!" తెస్తాను. మీకెందుకండీ? కనిపించిన ప్రతివాడికీ విడమరచి చెప్పే ఓపిక నాకు లేదు. ఇక్కడైతే చెబుతాను.

మా అక్క నరసరావుపేటలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేది. నేనప్పుడు ఎనిమిదో తరగతి. క్రిస్మస్ సెలవులిచ్చారనీ, సాయంత్రానికి ఇంటికొస్తాననీ పక్కింటివాళ్ళ ఫోన్‌కి చేసి చెప్పింది. మాచర్ల బస్సెక్కుతుంటే స్నేహితురాలు చూసింది. మా ఊరి స్టేజీ దగ్గర నాన్న ఎదురుచూస్తూ నిలబడ్డాడు. బస్సొచ్చింది, అక్క దిగలేదు. ఆ తర్వాత వచ్చిన బస్సుల్లోనూ లేదు.

పోలీసులకు చెప్పాం. కాలవలో వెతికించాం. అక్క ఫొటో చేత్తో పట్టుకుని నాన్న కృష్ణ అవతల మిర్యాలగూడ దాకా పోయి అడిగి వచ్చాడు. ఏమీ తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. చచ్చిపోయిందని చెప్పినవాళ్ళు లేరు, బతికుందని చెప్పినవాళ్ళూ లేరు. చర్చిలో మా కోసం ఉపవాస ప్రార్థనలు పెట్టారు. నేనూ మోకాళ్ళ మీద పడి ఏడ్చాను. ఆ ఏడుపు మధ్యలోనే, వినేవాడెవడూ లేడని నాకు అర్థమైపోయింది. లేచి బయటికొచ్చేశాను. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

మా ఇంట్లో క్రిస్మస్ పొద్దున కొత్త బట్టలు నేరుగా తొడుక్కోం. చాప పరిచి, అందరి బట్టలూ మడతలతో దాని మీద పెట్టి, ఇంట్లో పెద్దవాళ్ళు ప్రార్థన చేశాక ఎవరి జత వాళ్ళు తీసుకుంటాం. అక్క రాని ఆ పండక్కి తన కోసం ముందే కొన్న పరికిణీ, ఓణీ చాప మీద అలాగే మిగిలిపోయాయి. అమ్మ వాటిని బీరువాలో పెడుతూ, "పండక్కొస్తానంది. ఈ పండక్కి గాకపోతే వచ్చే పండక్కి వచ్చిద్ది," అంది. మరుసటేడు తనకు ఇంకో కొత్త జత కొంది. అప్పట్నుంచి ఏటా కొంటూనే ఉంది. నాన్న చనిపోయిన ఏడు కూడా మానలేదు.

ఓణీలు పోయి చీరలొచ్చాయి. జాకెట్టు కొలతకు అమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. అక్కతో చదువుకున్న పిల్ల ఒకామె పెళ్ళయ్యాక కూడా మా ఊళ్ళోనే ఉంది. ఆమె జాకెట్టు అడిగి తెచ్చి, ఆ కొలతకే అక్కకూ కుట్టించేది. ఆమెకు పిల్లలు పుట్టి ఒళ్ళొస్తే అక్క జాకెట్లూ వదులయ్యాయి. "ఏందమ్మా ఇది?" అని నేను విసుక్కుంటే, "ఎక్కడున్నా దానికీ వయసొచ్చిద్ది గదరా, ఇంకా ఓణీలేసుకునే తిరిగిద్దా?" అని కసిరేది. నవ్వొచ్చేది. నవ్వాక భయమేసేది. ఇంటికి రాని అక్క మా బీరువాలో నా కళ్ళముందే పెద్దదవుతూ వచ్చింది.

రోజూ నేను కోర్టుకు పోయేదీ ఆ మాచర్ల రూటు బస్సులోనే. ఆడవాళ్ళ సీట్ల వైపు చూడకుండా ఒక్కరోజూ కూర్చోలేదు. ఈ వయసులో ఇతనికి సిగ్గు లేదా అనుకుంటారేమో. అనుకోనీ! ఒకసారి పిడుగురాళ్లలో ఒకావిడ దిగుతూ, చెవి మీది జుట్టు అచ్చం అక్కలాగే సర్దుకుంది. నేనూ దిగిపోయి బస్టాండు దాటేదాకా ఆమె వెనకే నడిచాను. ఆమె తిరిగి చూసింది. అక్క కాదు. ఆ రోజు కోర్టుకు పోలేకపోయాను.

మొన్నటి క్రిస్మస్ పొద్దున ఎప్పట్లాగే అమ్మ ప్రార్థన చేసింది. మా ఆవిడ తన చీర తీసుకుంది. అమ్మ తన తెల్లచీర తీసుకుంది. నేను నా చొక్కా, ప్యాంటు తీసుకున్నాను. చూస్తే చాప ఖాళీగా ఉంది.

"అమ్మా, అక్కదేదీ?"

"కొన్లేదు."

"మర్చిపోయావా?"

"మర్చిపోతానా? ఇంక చాల్లేరా. అది ఎప్పుడో ప్రభువు దగ్గరికి పొయ్యింది. నాకీ మజ్జన తెలుస్తానే ఉంది. నేను గూడా పొయ్యేదాన్నే గదా, అక్కడ కలుసుకుంటా."

ఎంత నెమ్మదిగా అందో! నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకేమమ్మా, నీకు ఇంకో చోటుంది. నాకేదీ?" అని అరిచాను. అమ్మకు పరలోకం ఉంది, అక్కడ కూతురూ ఉంది. నాకున్నది ఈ ఇల్లు, ఈ పండగ, అంతే. అక్క వస్తానన్నది ఈ పండక్కే. అమ్మ ఆ జత కొనడం మానేస్తే నా వరకూ అక్క ఆ పొద్దునే చచ్చిపోయినట్టు. ఇన్నేళ్ళూ అమ్మ నమ్మకాన్ని చూసి జాలిపడుతున్నాననుకున్నాను. దాన్ని ఆనుకునే నిలబడ్డానని అప్పటిదాకా నాకు తెలియదు.

"పండగపూట ఏందా అరుపులు, పెద్దామె మీద?" అని మా ఆవిడ నన్ను కోప్పడి, అమ్మను చర్చికి తీసుకెళ్ళింది. నేను బండి తీసి టౌనుకు పోయాను. బట్టల కొట్టు తెరిచే ఉంది.

"ఎవరికి అన్నా?" అంది కొట్టావిడ, చీరలు పరుస్తూ.

"మా అక్కకి."

"ఏ రంగు ఇష్టపడిద్ది?"

మా అక్కకు ఏ రంగు ఇష్టమో నాకు తెలియదు! అమ్మకు తెలుసు. ఎవర్నీ అడక్కుండానే కొనేది. పైనున్న చీర ఏదో తీసుకుని వచ్చేశాను.

వాళ్ళు చర్చి నుంచి వచ్చేసరికి మళ్ళీ చాప పరిచి, చీర దాని మీద పెట్టి కూర్చున్నాను. "ప్రార్థన చెయ్యమ్మా," అన్నాను.

అమ్మ ఆ చీర వైపు చూసింది. "పొయ్యినోళ్ళ బట్టలకి ప్రార్థన చెయ్యర్రా అయ్యా," అని, నా తల నిమిరి లోపలికి వెళ్ళిపోయింది.

నేనే కళ్ళు మూసుకున్నాను. ఏమనాలో, ఎవరితో అనాలో తెలియలేదు. వినేవాడెవడూ లేడు. అందుకని అక్కతోనే అన్నాను, పండగొచ్చింది, ఇంటికి రా అక్కా అని.